ఎవరి సంసారం వాళ్లకు ఏర్పడ్డాక, విడిపోయిన మనిషితో స్నేహం ఎలా?

మీకు పెళ్లయింది, పిల్లలున్నారు. అవతలివాళ్లకూ అంతే. ఒకప్పుడు మీరిద్దరూ కలిసి బతికారు, లేదా బతకాలనుకున్నారు. కుదరలేదు. కోపాలు ఎప్పుడో చల్లారాయి. అయినా తెలిసినవాళ్లు ఏదైనా ఫంక్షన్‌కి పిలిస్తే "వాళ్లూ వస్తున్నారా?" అని ముందే వాకబు చేస్తారు. వస్తున్నారంటే ఓ గంట ఆలస్యంగా బయల్దేరతారు. ఈ దాగుడుమూతలు ఆపి, ఎదురుపడితే మామూలుగా పలకరించుకునే దాకా, కుదిరితే స్నేహం దాకా ఎలా రావాలో రాస్తున్నాను. 16 ఏళ్ల తర్వాత నేనూ ఈ పని చేశాను. సాఫీగా ఏమీ సాగలేదు. ఎక్కడ కాలు జారిందో మూడో మెట్టులో చెప్తాను.

విడిపోవడానికి కారణం కొట్టడమో, బెదిరించడమో, వెంటపడి వేధించడమో అయితే మాత్రం ఇక్కడితో చదవడం ఆపేయండి. క్షమిస్తారా లేదా అన్నది మీ ఇష్టం. స్నేహం మాత్రం మీరు ఎవరికీ బాకీ లేరు.

1. ఎందుకో ముందు కాగితం మీద పెట్టండి

"ఊరికే, ఎలా ఉన్నారో తెలుసుకుందామని" అని రాస్తే కొట్టేసి మళ్లీ రాయండి. ఊరికే అయితే ఇన్నేళ్లూ ఊరుకునేవారు కాదు.

విడిపోయాక కూడా స్నేహం ఎందుకు నిలుపుకుంటారని రెబెకా గ్రిఫిత్, ఓమ్రి గిలాత్, మరికొందరు సైకాలజిస్టులు ఆరా తీసి 2017లో ప్రచురించారు. వాళ్లకు నాలుగు రకాల కారణాలు కనిపించాయి. ఆ మనిషి మీద ఉన్న నమ్మకాన్ని, ఆసరాను వదులుకోలేకపోవడం ఒకటి. పిల్లలో, ఉద్యోగమో, డబ్బు వ్యవహారమో ముడిపడి ఉండటం రెండోది. గొడవెందుకులే అన్న మర్యాద మూడోది. ప్రేమ ఇంకా తీరకపోవడం నాలుగోది. మొదటి రెండు కారణాలతో మొదలైనవి మంచిగా సాగాయి. నాలుగోదానితో మొదలైనవి చేదుగా తిరిగాయి. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు, కానీ మన కారణం ఏ గడిలో పడుతుందో మనంతట మనం ఒప్పుకోవడమే కష్టం.

అందుకు రెండు ప్రశ్నలు పనికొస్తాయి. ఆ మనిషి భార్యతోనో భర్తతోనో హాయిగా ఉన్నారని ఎవరైనా చెబితే మీకు ఎలా ఉంటుంది? "పోనీలే, మంచిదే" అనిపిస్తే సరే. కడుపులో ఏదో కొంచెం జారినట్టుంటే ఇంకో ఆర్నెల్లు ఆగండి. రెండోది, ఆ మనిషి మీకు ఏ రోజుల్లో గుర్తొస్తున్నారు? ఇంట్లో మాటా మాటా అనుకున్న రోజునే అయితే సర్దుకోవాల్సింది ఇంట్లో. పాత నంబర్ వెతకడం దానికి మందు కాదు.

ఇంకొకటి కూడా తెలుసుకుని ఉంటే మంచిది. నడివయసు దాటినవాళ్లను జ్ఞాపకాలు చెప్పమంటే, సుమారు 10కీ 30కీ మధ్య వయసులోవి మిగతా వాటికంటే ఎక్కువగా, స్పష్టంగా వస్తాయి. మానసిక శాస్త్రంలో బాగా స్థిరపడిన సంగతి ఇది. మీ పాత మనిషి సరిగ్గా ఆ కాలంలోనే ఉన్నారు కాబట్టి అంత వెలుగుతో కనిపిస్తారు. వాళ్లతోపాటు అప్పటి జుట్టు, అప్పటి మోకాళ్లు, పడుకోగానే పట్టే అప్పటి నిద్ర కూడా గుర్తొస్తాయి. ఆ క్రెడిట్ అంతా ఒక్క మనిషి ఖాతాలో వేసేయకండి.

2. పాత పంచాయితీ మీరొక్కరే ముగించుకోండి

ఎవరిది తప్పు, ఎవరు ముందు మాటిచ్చి తప్పారు, ఎవరు ఎవరి వాళ్ల మాట విన్నారు. ఇదంతా కాగితం మీద రాసేయండి, పంపకండి. జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో జనం చేత వరసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు మనసులోని బరువైన విషయాలు రాయించాడు. ఆ కొలత మనకూ సరిపోతుంది. రాసి చించేయండి. ఐదో రోజు కూడా రాయాలని చెయ్యి లాగుతోందంటే మీ పంచాయితీ ఇంకా తెగలేదు. మెసేజ్ పంపే రోజు రాలేదు.

3. అవతలివాళ్లకంటే ముందు ఇంట్లో చెప్పండి

నేను జారిన మెట్టు ఇదే.

మా అమ్మ పోయిన మూడో వారంలో అతని దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "అమ్మగారి సంగతి తెలిసింది. చాలా బాధనిపించింది." అంతే. థాంక్స్ అని పెట్టాను. రెండు రోజులాగి ఇంకో మాట, ఆ తర్వాత ఇంకోటి. అన్నీ ఎవరికైనా చూపించదగ్గవే. ఒక రాత్రి పదకొండున్నరప్పుడు మా ఆయన ఇటు తిరిగి, "నవ్వుతున్నావు, ఏంటి?" అన్నాడు. "ఏం లేదు" అన్నాను. అని, ఫోన్ బోర్లా పెట్టాను.

ఫోన్‌లో ఉన్నది వాళ్ల పిల్లాడు స్కూల్లో చెప్పొచ్చిన జోకు. దాన్ని దాచాల్సిన పనే లేదు. కానీ బోర్లా పెట్టిన ఆ క్షణం నుంచీ అది దాచిన వస్తువైపోయింది. మర్నాడంతా బుర్రలో అదే తిరిగింది. ఏముందని ఆ జోకులో!

ఏముందో తర్వాత చదివితే తెలిసింది. డేనియల్ వెగ్నర్, ఆయన సహచరులు 1994లో ఒక ప్రయోగం ప్రచురించారు. ముఖపరిచయం లేని ఆడామగా జంటలుగా కూర్చుని పేకాడతారు. కొందరిని బల్ల కింద కాళ్లు తాకించుకుంటూ ఆడమన్నారు. వాళ్లలో కొంతమంది ఆ సంగతి అవతలి జంటకు తెలియనివ్వకూడదు. మిగతావాళ్లది దాపరికం లేని వ్యవహారం. దాచాల్సొచ్చినవాళ్లకే ఒకరంటే ఒకరికి ఆకర్షణ ఎక్కువ కలిగింది. చేసింది ఒకే పని, తేడా అల్లా గుట్టులోనే. నా జోకుదీ అదే కథ.

నాలుగు రోజుల తర్వాత చెప్పేశాను. మా ఆయన మెసేజ్‌ల గురించి ఒక్క మాటా అడగలేదు. "మరి ఆ రోజు ఏం లేదన్నావెందుకు?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. అతనికి "కొన్నాళ్లు మాట్లాడను, కారణం మీరు కాదు" అని పెట్టి రెండు నెలలు ఆపేశాను. మళ్లీ మొదలుపెట్టింది మా ఆయన "ఇక మాట్లాడు, పర్లేదు" అన్నాకే.

కాబట్టి ముందు ఇంట్లో. ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు, పిల్లలు వినని చోట, దాదాపు ఇలా చెప్పండి:

"నీకు చెప్పాను కదా, నా పాత సంగతి. ఇన్నేళ్లూ ఆ మనిషి ఎదురుపడితే మొహం చాటేస్తూ వచ్చాను. ఇక మామూలుగా పలకరించుకుంటే బాగుంటుందనిపిస్తోంది. నీకెలా ఉందో చెప్పు. ఇవాళే చెప్పక్కర్లేదు."

ఆ చివరి మాట మర్చిపోవద్దు. అక్కడికక్కడే జవాబు అడిగితే "నీ ఇష్టం" అంటారు. "నీ ఇష్టం" అంటే సరేనని కాదని సంసారం చేసినవాళ్లెవరికైనా తెలుసు.

మీకు అలాంటి గతం ఒకటుందనే ఇంట్లో తెలియకపోతే అది వేరే సంభాషణ. ముందు అది జరగాలి, దానికి కావలసినన్ని వారాలు ఇవ్వాలి. "నాకు ఒకప్పుడు ఫలానా వాళ్లతో ఇలా ఉండేది, ఇప్పుడు వాళ్లతో స్నేహం చేద్దామనుకుంటున్నా" అని రెండు కబుర్లూ ఒకే పూట మోయించకండి.

అడగబోయే ప్రశ్నలు ఉంటాయి. "ఇంకా ఇష్టమా?" అంటే "ఛీ, ఆ మొహమా" అని కొట్టిపారేయకండి. తిట్టి తేలిక చేసిన మనిషితో రేపు స్నేహం అంటే ఎవరు నమ్ముతారు? "ఒకప్పుడు ఇష్టం. ఇప్పుడు బాగుండాలనిపిస్తుంది, అంతే" అన్నది నిజమైతే అదే చెప్పండి. ఎప్పుడు, ఎన్నేళ్లు, ఎందుకు విడిపోయారు అన్నవాటికి దాపరికం లేని జవాబులివ్వండి. అప్పటి ఏకాంతం సంగతులు మాత్రం చెప్పక్కర్లేదు. అవి అవతలి మనిషివి కూడా. పైగా ఒకసారి విన్నది చెవిలోంచి తీసేయడం మీ తరం కాదు.

వద్దంటే? వద్దు. అలిగి, మొహం మాడ్చుకుని, వారం తర్వాత మళ్లీ అడిగి సాధించుకున్న అనుమతి చెల్లదు. "ఎదురుపడితే నమస్కారం పెడతాను, అంతకు మించి లేదు" అన్నదానికైనా ఒప్పుకుంటారేమో అడగండి. చాలామంది ఒప్పుకుంటారు. నిజానికి చాలామందికి కావలసింది కూడా అంతే.

4. మొదటి మెసేజ్

పగటిపూట పంపండి. నాలుగైదు వాక్యాలు చాలు. జవాబిచ్చి తీరాల్సిన ప్రశ్న ఒక్కటి కూడా పెట్టకండి. నేను రెండు నెలల తర్వాత పంపింది ఇంచుమించు ఇది:

"ఇన్నేళ్లూ మనం ఎక్కడైనా ఎదురుపడితే నేను తప్పుకుని వెళ్లిపోయాను. ఇక అలా చేయదలుచుకోలేదు. నా వైపు నుంచి కోపమేమీ లేదు. మా ఆయనకు చెప్పే రాస్తున్నాను, మీ ఇంట్లోనూ చూపించండి. జవాబు రాకపోయినా ఏమీ అనుకోను."

చదవడానికి చప్పగా ఉంది కదా. ఉండాలి. "గుర్తున్నానా?", "నిన్న కల్లోకొచ్చావు", "ఆ పాట విన్నప్పుడల్లా..." ఇలాంటివి రాసి, చెరిపి, మళ్లీ రాస్తున్నారంటే ఒకటో మెట్టు దగ్గరికి వెళ్లండి. ఉమ్మడి స్నేహితుల ద్వారా కబురు పంపడం కూడా వద్దు. మీ నాలుగు వాక్యాలు అక్కడికి చేరేసరికి నలభై అవుతాయి.

జవాబు రాకపోతే అదే జవాబు. రెండో మెసేజ్ లేదు. చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయా లేదా అని చూసుకోవడం కూడా లేదు.

జవాబొచ్చి, "మా ఇంట్లో మాత్రం తెలియనివ్వకు" అని ఉంటే అక్కడితో ఆపేయండి. వాళ్లింట్లో గుట్టు మీకూ గుట్టే. బల్ల కింద కాళ్లు గుర్తుపెట్టుకోండి.

5. సారీ చెప్పాల్సి ఉంటే

ఒక్కసారి చెప్పండి. మీరు చేసినదానికే చెప్పండి. "కానీ" వస్తే అక్కడే ఆపేయండి. "ఆ రోజు ఫోన్ ఎత్తకుండా, ఏ కారణమూ చెప్పకుండా మాయమైపోయాను. అది తప్పు" అన్నది సారీ. "అప్పటి పరిస్థితుల్లో ఇద్దరం పొరపాట్లు చేశాం" అన్నది తీర్పు. తిరిగి సారీ వస్తుందని ఎదురు చూడకండి. నాకు రాలేదు. ఏడాదిన్నర తర్వాత వేరే ఏదో మాట్లాడుతూ "నేనూ అప్పట్లో మొండిగా ఉన్నాలే" అన్నాడు. అదేనేమో సారీ. అని తీసుకున్నాను.

6. మొదటిసారి కలవడం: నలుగురుగా

ఇద్దరే కలవకండి. నలుగురూ ఉండాలి, పిల్లలు ఉంటే ఇంకా నయం. పగలు, బయట, ఓ గంటలో లేచిపోగలిగే చోట. చేతులకు ఏదో ఒక పని ఉంటే మాటలు వాటంతటవే వస్తాయి. ఎదురెదురుగా కూర్చుని "ఊ, ఇంకా?" అనుకునే ఏర్పాటు చేసుకుంటే ఆ గంట ఆరు గంటలవుతుంది.

మేం ఒక పార్కులో కలిశాం. పిల్లలు పరుగెత్తారు, పెద్దవాళ్లం నలుగురం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాం. చినుకులు మొదలయ్యాయి. వాళ్లావిడ గొడుగు తెరవబోతే సగంలో ఇరుక్కుంది. మా ఆయన "ఏదండీ, ఇలా ఇవ్వండి" అన్నాడు. ఇద్దరు మగవాళ్లూ ఆ గొడుగు మీద పడ్డారు. పుల్ల వంగిందని ఒకరు, స్ప్రింగు పోయిందని ఒకరు. పది నిమిషాలు. మేమిద్దరం చెట్టు కింద నిలబడి చూస్తున్నాం. ఆ స్ప్రింగు దగ్గర ఏదో చిన్నది చూడాల్సొచ్చి అతను కళ్లు చిట్లించాడు. అడగకముందే ఆవిడ బ్యాగులోంచి కళ్లజోడు తీసి అందించింది. అతను అటు చూడకుండానే చెయ్యి చాచాడు.

అతనికి కళ్లజోడు వచ్చిందనే నాకు తెలియదు. ఆ పూట నాకు ఎదురైంది నేను ఎరిగిన మనిషి కాదు, వాళ్లావిడ ఎరిగిన మనిషి. చెప్పొద్దూ, ప్రాణం హాయిగా అనిపించింది.

మీకూ ఇలాంటిది ఏదో కనిపిస్తుంది. కనిపించనివ్వండి. "నువ్వు ఇలా ఉండేవాడివి కాదే!", "నీకు అది పడదు కదా!" అని పాత పరిచయం చాటుకోకండి. ఆ మాట భార్య ముందు అన్నా, భర్త ముందు అన్నా చురుక్కుమంటుంది. కలిసినంతసేపూ మీరు ఎక్కువ మాట్లాడాల్సింది వాళ్లావిడతో, లేదా వాళ్లాయనతో. ఆ ఇంట్లో మీకు నిజంగా కొత్త స్నేహం అక్కడే మొదలవ్వాలి.

ఇంటికొచ్చాక మీవాళ్లు "ఎలా అనిపించింది?" అని అడక్కముందే మీరే అడగండి.

7. పిలుపులు

ముద్దుపేర్లు ఆ కాలంలోనే వదిలేయండి. అసలు పేరుతో పిలవండి. నువ్వు అనాలా మీరు అనాలా అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నలుగురి మధ్య మొదట తడబడేది అక్కడే. ఒకప్పుడు నువ్వు అనుకున్నవాళ్లు హఠాత్తుగా మీరు అంటే నాటకంలా ఉంటుంది. నువ్వు అంటే ఇంట్లోవాళ్లకు చివుక్కుమనొచ్చు. మేం కొన్నాళ్లు కర్త లేని వాక్యాలతో నెట్టుకొచ్చాం: "బయల్దేరడం ఎప్పుడో?", "అంతా బాగేనా?" తర్వాత నువ్వు దగ్గర కుదురుకుంది. వాళ్లావిడని మాత్రం నేను గారు అనే అంటాను.

ఇంకో పాత చిట్కా ఉంది. అందరి నోళ్లూ మూయించడానికి "అన్నయ్య" అనో "చెల్లెమ్మ" అనో పిలిచేయడం. దయచేసి వద్దు. వినేవాళ్లకు నవ్వొస్తుంది, పిలిచేవాళ్లకు చెమట పడుతుంది. పిల్లలకు అంకుల్, ఆంటీ చాలు. "ఈయనెవరమ్మా?" అంటే "నాకు చాలా ఏళ్ల కిందటి స్నేహితుడు" అనండి. పెద్దయ్యాక అడిగితే అప్పుడు మిగతాది.

8. తర్వాత పాటించాల్సినవి

షర్లీ గ్లాస్ అనే అమెరికన్ సైకాలజిస్టు గోడలు, కిటికీల పోలిక ఒకటి చెప్పేది. దంపతుల మధ్య కిటికీ తెరిచి ఉండాలి, బయటివాళ్ల వైపు గోడ ఉండాలి. బయటి స్నేహంలో కిటికీ తెరిచి ఇంట్లోవాళ్ల వైపు గోడ కట్టడం మొదలైతే వ్యవహారం దారి తప్పినట్టే. పాత మనిషితో స్నేహానికి ఇంతకంటే సులువైన కొలబద్ద నాకు దొరకలేదు.

ఆచరణలో చెప్పాలంటే, మీ ఆయన మీదో మీ ఆవిడ మీదో ఫిర్యాదులు అక్కడ చేయకండి. ఎంత కడుపు మండినా సరే. వాటికి వేరే స్నేహితులున్నారు. రాత్రి పొద్దుపోయాక మెసేజ్‌లు వద్దు. చదివాక డిలీట్ చేయాలనిపించే మాట రాయకండి. మన రోజు, మన చోటు అంటూ పాత తారీఖులు తవ్వకండి. "ఇది మన మధ్యే ఉండనీ" అని వాళ్లంటే ఆ సాయంత్రమే మీ ఇంట్లో చెప్పేయండి. మేం నలుగురం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. మాటలన్నీ అందులోనే. గ్రూపులో రాయలేనిది విడిగానూ రాయం.

ఇన్ని చేసినా మనసు ఎప్పుడైనా వెనక్కి లాగొచ్చు. ఫోన్ మోగినప్పుడల్లా వాళ్లేమో అనిపిస్తుంది, కలవబోయే రోజు అద్దం ముందు పది నిమిషాలు ఎక్కువ నిలబడతారు. సిగ్గుపడి కూర్చోకండి, అలాగని అవతలివాళ్లకు చెప్పుకోకండి కూడా. చెప్పిన మరుక్షణం అది ఇద్దరి సమస్య అవుతుంది. కొన్ని వారాలు తగ్గించండి. ఇంట్లో "కొంచెం దూరంగా ఉందామనుకుంటున్నా" అనండి. ఆ మాత్రం దానికే సగం దిగిపోతుంది.

9. మీ ఇద్దరికీ పుట్టిన పిల్లలుంటే

అప్పుడు ఇంత తీరిక ఉండదు. ఫీజులు, జ్వరాలు, సెలవులు మీకోసం ఆగవు. కాన్‌స్టెన్స్ ఆరన్స్ అనే అమెరికన్ పరిశోధకురాలు విడాకులు తీసుకున్న 98 జంటలను ఏళ్ల తరబడి గమనించి, వాళ్లను రకాలుగా విడదీసింది. మంచి స్నేహితుల్లా ఉన్నవాళ్లు కొద్దిమందే. అంతకంటే చాలా ఎక్కువమంది ఒకే ఆఫీసులో పనిచేసే సహోద్యోగుల్లా నెట్టుకొచ్చారు. పిల్లల విషయం వస్తే కూర్చుని తేల్చుకుంటారు, మిగతా బతుకులు వేరు. మీకు స్నేహం కుదరకపోతే ఆ దారి పట్టండి, పిల్లలకు లోటేమీ రాదు.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. పిల్లల ద్వారా కబుర్లు పంపకండి. "నాన్నకి చెప్పు", "అమ్మనడుగు" అనే మాటలు మానేసి నేరుగా రాయండి. అలాగే కొత్త అమ్మకో కొత్త నాన్నకో తెలియకుండా ఏ నిర్ణయమూ తీసుకోకండి. ఆ ఇంట్లో ఆ పిల్లకి అన్నం పెట్టి, హోంవర్కు చేయించి, జ్వరం వస్తే పక్కన కూర్చునేది వాళ్లే.

10. పలచబడితే పలచబడనివ్వండి

మొదటి ఏడాది ఉత్సాహం తర్వాత ఈ స్నేహాలు సాధారణంగా సన్నగిల్లుతాయి. నెలకోసారి మాట్లాడినవాళ్లు ఏడాదికి రెండుసార్లకు వస్తారు. ఏమైందోనని తవ్వకండి. మా గ్రూపులో ఇప్పుడు పుట్టినరోజులు, పిల్లల మార్కులు, అంతే. పోయిన వారం వాళ్లావిడ మా ఆయనకు ఫొటో పంపింది. గొడుగు మళ్లీ ఇరుక్కుందట.